అయిపోయిందనుకో

బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు టైంకీపరుగా పనిచేశాను. రిజిస్టరులో నేను రాసిన అబద్ధాలు వేలల్లో ఉంటాయి. వాటిలో ఒక్కటి మాత్రం కోర్టు దాకా వెళ్ళింది. ఇరవై ఏడో నంబరు బండి, బయలుదేరిన సమయం రెండూ పది. ఆ మాట రెండుకి ఐదు నిమిషాల ముందే రాశాను. ఆ బండి అప్పుడు కదలలేదు. దాన్ని నడపాల్సిన డ్రైవర్ని రెండూ ఒకటికి యార్డులో నలుగురు కలిసి వీల్ స్పానరుతో కొట్టడం మొదలుపెట్టారు. మొదటి దెబ్బ మోకాలి మీద పడింది, రెండోది మూతి మీద. మూడోది పడే ముందు నేను నా గది కిటికీ మూసేశాను.

ఆ డ్రైవరు అక్క కథ ఇది. నా సంగతి మధ్యలో వస్తుంది, రాక తప్పదు.

ఆమెని డిపోలో అందరూ కంప్యూటరమ్మ అనేవాళ్ళు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి తాగి వచ్చి బెల్టుతో కొట్టేవాడు. ఎందుకని అడిగితే ఇంకో నాలుగు పడేవి. పుస్తకం కనిపిస్తే ఆయనకి మరీ మంట. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే ఆ పిల్ల చదువుతున్న వాక్యం కింద గోటితో గీత గీసి, పుస్తకాన్ని పరుపు కిందకి తోసి, తమ్ముణ్ణి వెనక్కి లాక్కుని నిలబడేది. దెబ్బలు అయ్యాక మొహం కడుక్కుని, గోటి గీత వెతుక్కుని, దాని తరవాతి వాక్యం నుంచి చదివేది. గీత ఎప్పుడూ చదివేసిన వాక్యం కిందే. చదవబోయే దాని కింద పెట్టేది కాదు. పదో తరగతి అలాగే గట్టెక్కింది, ఆ పైది కూడా.

ఇదంతా తనే ఒకసారి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఆ తండ్రి అప్పటికే చచ్చాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనే వెళ్ళి నాలుగు తగిలించేవాణ్ణి అని ఆ రోజు చాలా గొప్పగా అనుకున్నాను. అనుకోవడానికేం, ఎన్నయినా అనుకుంటాం.

డిపోలో చేరినప్పుడు ఆమెని నా కిందే వేశారు. రిజిస్టరు రాయడం నేర్పింది నేనే. బండి బయటికి వెళ్ళాక రాయమని పైవాళ్ళు చెబుతారు. అలా రాస్తూ కూర్చుంటే మధ్యాహ్నం టీ కూడా దొరకదు. అందుకని నేను గంటకి సరిపడా బళ్ళు ముందే రాసేసేవాణ్ణి.

"ముందు రాసెయ్యి తల్లీ. బండి దానంతటదే వెళ్తుంది," అన్నాను మొదటి రోజు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది బాబాయ్."

"అయిపోయిందనుకో. అంతే."

ఆ మాట మా డిపోలో ఊతపదం. టైరు మార్చారా అంటే అయిపోయిందనుకో. సెలవు చీటీ మీద సంతకం పెట్టారా అంటే అయిపోయిందనుకో. అయింది వేరు, అయిపోయిందనుకో వేరు. మొదటిది పని, రెండోది మాట. ఈ తేడా నాకు తెలియక కాదు. తెలిసే చేశాను, ఆమెకీ నేర్పాను. ఆర్నెల్లకి నాకంటే చకచకా ముందే రాసేయడం అలవాటు చేసుకుంది.

తరవాత కెమెరాలు వచ్చాయి, వాటిని చూసుకోవడానికి ఆమెని మేడమీద కంప్యూటరు గదిలోకి మార్చారు. పుస్తకాలు తెచ్చుకుని తనే నేర్చుకుంది. ఆ ఏడే తమ్ముడికి డ్రైవరు ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు యూనిఫాం వేసుకుని నా గదికి వచ్చి కాళ్ళకి దండం పెట్టాడు. వాడు కూడా నన్ను బాబాయ్ అనే పిలిచేవాడు.

బళ్ళ రిపేరు పని బయటి కాంట్రాక్టరుకి ఇచ్చాక దరిద్రం పట్టుకుంది. ఇరవై ఏడో నంబరుకి బ్రేకు సరిగా పడటంలేదని తమ్ముడు మూడుసార్లు రాసిచ్చాడు. మూడుసార్లూ రిపేరు కాగితం మీద సంతకం పడింది, బ్రేకు మాత్రం పడలేదు. ఆ సోమవారం మధ్యాహ్నం వాడు బండిని గేటుకి అడ్డంగా పెట్టి తాళం జేబులో వేసుకున్నాడు. అందరూ భోజనాలకి వెళ్ళారు, యార్డు ఖాళీ. కాంట్రాక్టరు మేస్త్రీ ముగ్గుర్ని వెంటేసుకుని వచ్చాడు. నా కిటికీ అక్కడికి పది అడుగులు.

"బ్రేకు అయిపోయిందనుకో. తియ్యి బండి," అన్నాడు మేస్త్రీ.

"అనుకుని నడిపితే జనం చస్తారు. నేను తియ్యను," అన్నాడు తమ్ముడు.

అంతే. మాట పూర్తయిందో లేదో స్పానరు లేచింది. ఎముక విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిగినట్టు వినిపించింది. రెండో దెబ్బకి వాడు కిందపడ్డాడు, స్పానరు మళ్ళీ లేచింది. నలుగురిలో ఒకడు తలెత్తి నా వైపు చూశాడు. నా చేతిలో పెన్ను ఉంది. నేను కిటికీ రెక్క లాగి గడియ పెట్టాను.

వాడి జేబులోంచి తాళం తీసి ఇంకొకడి చేత బండి తోలించారు. తమ్ముడి శవాన్ని డిపో వెనక రోడ్డు మీద పడేశారు. సాయంత్రానికి మేనేజరు అందరికీ ఒకటే చెప్పాడు. రెండూ పదికి బండి తీసుకుని వెళ్ళాడు, దారిలో ఎవరితోనో గొడవపడ్డాడు, కావాలంటే రిజిస్టరు చూసుకోండి అని.

"నువ్వేమైనా చూశావా బాబాయ్?" అని ఆమె అడిగింది, శవం పక్కన కూర్చుని. ముందు పళ్ళన్నీ పోయిన ఆ మొహాన్ని చీరచెంగుతో తుడుస్తూ అడిగింది.

"లేదు తల్లీ. నేను లోపల ఉన్నాను," అన్నాను.

నాలుగో రోజు, గురువారం, డ్యూటీకి వచ్చింది. యార్డు చుట్టూ నాలుగు కెమెరాలు. పది నిమిషాలకొక ముక్క చొప్పున రికార్డవుతుంది. ఏడు రోజులు నిండగానే పాత ముక్క మీద కొత్త ముక్క పడుతుంది. అంటే తమ్ముణ్ణి కొట్టిన ముక్క వచ్చే సోమవారం రెండు గంటలకి చెరిగిపోతుంది. మేనేజరుకీ ఆ లెక్క తెలుసు. రికార్డరు మీద చెయ్యి వేస్తే నింద మీద పడుతుంది, దానంతట అదే చెరిగిపోతుంటే మనం చేతులు కాల్చుకోవడమెందుకు అని ఊరుకున్నాడు.

యూనియన్ తరఫు లాయరమ్మ గట్టిగా చెప్పింది. ఒక్క ముక్క తెస్తే కత్తిరించి అతికించారంటారు, ఆ రోజు మొత్తం వరస తప్పకుండా పంపమంది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, నాలుగు కెమెరాలవి, రెండు వందల ఎనభై ఎనిమిది ముక్కలు. జేబులో పెట్టుకుని పోదామంటే గేటు దగ్గర సోదాలు, ఉన్న దారి ఇంటర్నెట్టే. ఆ నత్తనడక లైనులో ఒక్కో ముక్క లాయరమ్మ ఆఫీసుకి చేరడానికి నాలుగు నిమిషాలు. ఏ ముక్కనీ తెరిచి చూడనంది కంప్యూటరమ్మ. చూస్తే చేతులు ఆడవు, ముందు పంపేస్తాను అంది. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గులేని మాట, అయినా నిజం.

ఆమె ఒక షెల్ స్క్రిప్టు రాసింది. ఏముంది అందులో, కంప్యూటరుకి పనులు వరసగా పురమాయించే చీటీ. ఒకటో ముక్క పంపు, రెండోది పంపు, మూడోది పంపు. మనిషి పక్కన కూర్చోనక్కర్లేదు. కానీ గంటకే మేడమీద కరెంటు పోయింది. కింద ఫ్యూజు పీకింది మేనేజరు బంట్రోతని అందరికీ తెలుసు. కరెంటు రాగానే చీటీ మళ్ళీ ఒకటో ముక్క దగ్గర మొదలైంది. ఇంకోసారి పోయింది, ఇంకోసారి ఒకటో ముక్క. ఆ పొద్దంతా ఖాళీ యార్డులో కుక్క పడుకున్న ముక్కలే నాలుగుసార్లు వెళ్ళాయి.

మధ్యాహ్నం నా గదికి వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఇలా అయితే నూరేళ్ళకీ రెండు గంటల ముక్క దాకా పోదు బాబాయ్."

"నీ గోటి గీత ఏమైంది తల్లీ?" అన్నాను. ఊరికే అన్నాను.

ఆమె నా వైపు చూసింది, లేచి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్ళిపోయింది. అరగంటలో చీటీ మార్చేసింది. ఇప్పుడు కంప్యూటరు పక్కన ఒక చిన్న పుస్తకం లాంటిది ఉంచుకుంటుంది. ప్రతి ముక్క పేరూ అందులో రాస్తుంది. కరెంటు పోయి వచ్చాక ముందు ఆ పుస్తకం చూస్తుంది, అందులో పేరుంటే ఆ ముక్కని వదిలేస్తుంది, లేకపోతే పంపుతుంది. స్క్రిప్టుకి 'మళ్ళీ' అని పేరు పెట్టింది, ఇంగ్లీషులో ఐదు అక్షరాలు. పుస్తకానికి 'అయింది' అని పెట్టింది. నన్ను పిలిచి తెర మీద చూపించింది.

"మన రిజిస్టరులాగే బాబాయ్. ముందు రాత, తరవాత బండి."

నేను తల ఊపాను. గర్వపడ్డాను కూడా. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న వెధవని, అక్కడే పట్టుకోవాల్సింది, పట్టుకోలేదు.

శుక్ర, శని, ఆదివారాలు ఆమె నీళ్ళకి తప్ప ఆ గది కదల్లేదు. కరెంటు ఇంకో నాలుగుసార్లు తీశారు, తీసినప్పుడల్లా పూటల తరబడి రానివ్వలేదు. శనివారం మెట్ల దగ్గర మేస్త్రీ ఆమె జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కనుబొమ మీదుగా కారింది. ఆమె జేబురుమాలు అదుముకుని పైకి వెళ్ళి మళ్ళీ కూర్చుంది. నేను కిందినుంచి చూశాను. ఆ పూట కూడా రిజిస్టరు ముందే రాసేశాను.

సోమవారం పన్నెండున్నరకి పైనుంచి కేక వేసింది. వెళ్ళాను. వారం రోజుల తరవాత మొదటిసారి ఆమె మొహంలో వెలుగు చూశాను.

"అయింది బాబాయ్. రెండు వందల ఎనభై ఎనిమిదీ."

తెర మీద రెండు వరసలు. ఒకటి ముక్కల పేర్లు, రెండోది లాయరమ్మ దగ్గరికి చేరిన ముక్క ఎంత పెద్దదో చెప్పే అంకె. అంకెలు దాదాపు అన్నీ ఒక్కటే. నా కళ్ళు వేరే ఎక్కడికీ పోలేదు, తిన్నగా మూడో కెమెరా రెండు గంటల ముక్క దగ్గరికి పోయాయి. నేనున్న ముక్క అది. దాని అంకె సగమే ఉంది.

చూడగానే అర్థమైంది. ముందు పేరు రాశారు, తరవాత పంపడం మొదలుపెట్టారు, సగంలో ఫ్యూజు పీకారు. కరెంటు వచ్చాక స్క్రిప్టు పుస్తకం తెరిచి చూసింది, పేరుంది. అయిపోయిందనుకుని ముందుకి వెళ్ళిపోయింది. సగం వచ్చిన ముక్క తెరుచుకోదని ఆమే ఒకసారి చెప్పింది. ఇంకో గంటన్నర నోరు మూసుకుంటే అసలు ముక్క చెరిగిపోతుంది, కిటికీ మూసినవాడు ఈ లోకంలో ఎవరికీ కనిపించడు.

గోడ మీద గడియారం చప్పుడు వింటూ ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. ఆమె నాకోసం ఫ్లాస్కులోంచి టీ వంపుతోంది. నుదుటి మీద కట్టు పచ్చబడి ఉంది.

"తల్లీ," అన్నాను. "ఇది సగమే ఉంది చూడు."

చూసింది. ఫ్లాస్కు చేతిలోంచి జారిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు, తనని తాను తిట్టుకుంది. గోటి గీత చదివాక గీస్తారు, ఎన్నడు మర్చిపోయాను నేను అంటూ టకటకా కొట్టింది. రాసే వాక్యాన్ని తీసి పంపే వాక్యం కింద పెట్టింది, అంతే మార్పు. ఒక ముక్క రెండుసార్లు వెళ్తే నష్టం లేదు, ఒక్కసారీ వెళ్ళకపోతేనే నష్టం అంది. సగం ముక్కలు నాలుగు తేలాయి. రెండు పొద్దుటివి, అప్పటికే చెరిగిపోయాయి. వాటిలో పొగమంచు తప్ప ఏమీ లేదు. మిగిలిన రెండింటి పేర్లూ పుస్తకంలోంచి కొట్టేసి మీట నొక్కబోయింది.

గోడలకి చెవులుంటాయంటారు, మా డిపోలో తలుపులకి కాళ్ళు కూడా ఉంటాయి. కేక వేసి పిలిచిన పిలుపు ఎవరు మోసుకెళ్ళారో, మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. నేను తలుపు మూసి, పక్కనున్న బెంచీ అడ్డంగా తోసి, వీపు ఆనించి నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి నేను మూసిన తలుపు ఎవరికైనా పనికొచ్చింది.

"తీయ్ ముసలోడా," అన్నాడు మేస్త్రీ బయటినుంచి.

తీయలేదు. తలుపు చెక్క నాలుగో దెబ్బకి చీలింది. ఐదో దెబ్బ చీలికలోంచి వచ్చి నా భుజం మీద పడింది. లోపల ఎముక రెండుగా విడిపోయినట్టు స్పష్టంగా తెలిసింది. పడ్డాను. నా మీదుగా తొక్కుకుంటూ ముగ్గురు లోపలికి వచ్చారు. ఒకడి బూటు నా చెవి మీద ఉంది. ఆమె రెండు చేతులతో కంప్యూటరు బల్లని కావలించుకుని వంగి ఉంది. మేస్త్రీ ఆమె కుడిచేతిని బల్ల అంచు మీద పరిచి ఇనపరాడ్డుతో కొట్టాడు. ఒకసారి కాదు. ఆమె అరిచిన అరుపు ఇప్పటికీ పగటిపూట కూడా వినిపిస్తుంది నాకు. కింద ఎవడో ఫ్యూజు పీకాడు, ఫ్యాను ఆగిపోయింది. మేస్త్రీ రాడ్డు తిప్పి తెరని పగలగొట్టాడు. గాజు ముక్కలు నా జుట్టులో పడ్డాయి.

"అయిపోయింది. పదండి," అన్నాడు.

ఆ గాడిదకి కంప్యూటరంటే టీవీ లాంటిదే. తెర పగిలితే అంతా పోయిందనుకున్నాడు. బల్ల కింద నల్లపెట్టె చెక్కుచెదరకుండా ఉంది. యార్డులో డ్రైవర్లు జాకీ రాడ్లు పట్టుకుని పోగవుతున్న గోల వినిపించి వాళ్ళు దిగిపోయారు. కింద కొట్లాట మొదలైంది. ఎవడి తలో బస్సు రేకుకి తగిలిన చప్పుడు మేడమీదికి వినిపించింది. నాకు సంతోషంగా ఉంది.

ఎంతసేపు స్పృహ లేకుండా పడి ఉందో, ఆమె లేచింది. కుడిచేతి వేళ్ళు మూడు అటూ ఇటూ తిరిగిపోయి ఉన్నాయి. ఆ చేతిని పమిటలో చుట్టుకుని, ఆ కొట్లాట మధ్యలోంచే కిందికి వెళ్ళి, ఫ్యూజు పెట్టి వచ్చింది. ఒకటీ యాభై నాలుగు. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. తెర లేదు. ఏం జరుగుతోందో కనిపించదు. కళ్ళు మూసుకుని లోపల లెక్క పెట్టుకుంటూ, ఎడమచేత్తో ఒక్కో వేలితో తన రహస్యపదం కొట్టింది. తరవాత 'మళ్ళీ', ఐదు అక్షరాలు. మీట నొక్కి నా పక్కన నేల మీద కూర్చుంది.

"మొదలైందంటావా?" అన్నాను.

"తెలీదు బాబాయ్. అయ్యాక తెలుస్తుంది."

గడియారం ఒకటీ యాభై ఐదు చూపించింది, తరవాత యాభై ఏడు. రక్తం ఆమె పమిటలోంచి నా చొక్కా మీదికి చుక్కలు చుక్కలుగా పడుతోంది. రెండు గంటలకి నిమిషం ముందు ఆమె ఫోను మోగింది. లాయరమ్మ.

"మూడో కెమెరా రెండు గంటల ముక్క పూర్తిగా వచ్చిందమ్మా," అంది. "తెరుచుకుంటోంది."

ఆమె నా మంచి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నువ్వు చెప్పకపోతే నా తమ్ముడు ఆ రోడ్డు మీదే చచ్చినట్టు ఉండిపోయేవాడు బాబాయ్ అంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆస్పత్రిలో పన్నెండో రోజు పొద్దున వచ్చింది, చేతికి పిండికట్టుతో. పక్కన కూర్చోలేదు. మంచం కాళ్ళ వైపు నిలబడింది.

"టైంకీపర్ గారూ," అంది. "మీరు కిటికీ మూశారు."

"మూశానమ్మా."

"మూశాక వాడు ఇంకా ఆరు నిమిషాలు బతికే ఉన్నాడు. ఒకసారి మీ కిటికీ వైపు పాకాడు కూడా. ఆ ముక్కలో కనబడుతోంది."

ఆమె బల్ల మీద బోర్లించిన గ్లాసుని తిరగేసి, నీళ్ళు పోసి, నా చేతికి అందేలా పెట్టి వెళ్ళిపోయింది.

కోర్టులో కాంట్రాక్టరు తరఫు లాయరు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇది మీ చేతిరాతేనా?"

"నాదే."

"రెండూ పదికి బండి బయలుదేరిందని రాశారు. అంటే బయలుదేరిందనేగా?"

"లేదండి. బయలుదేరిందనుకుని రాశాను, అది కదలకముందే. నేను ముప్ఫై ఏళ్ళు అలాగే రాశాను. ఆ పిల్లవాణ్ణి కొడుతుంటే కిటికీలోంచి చూశాను. కిటికీ మూసి గడియ పెట్టాను. అది మాత్రం అనుకోవడం కాదు. చేశాను."

జడ్జి గారు రాసుకోవడం ఆపి నా వైపు చూసి మళ్ళీ రాసుకున్నారు. మేస్త్రీకీ మిగతా ముగ్గురికీ యావజ్జీవం పడింది, అది చాలా రోజుల తరవాతి మాట.

ఆ రోజు బయటికి వచ్చేసరికి వరండాలో బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. కుడిచేతి వేళ్ళు వంకరగానే అతుక్కున్నాయి, వాటితో నీళ్ళ సీసా పట్టుకుని ఉంది. నన్ను చూసి కొంచెం పక్కకి జరిగింది. నేను కూర్చున్నాను. పిలుస్తుందేమోనని ఆమె పెదాల వైపే చూస్తూ కూర్చున్నాను, ఆ ఒక్క పిలుపుకోసం.

ఆమె సీసా మూత తీసి నా వైపు పెట్టింది.

"తాగండి, టైంకీపర్ గారూ," అంది.